హైదరాబాద్‌లో ఫర్నిష్డ్ స్టూడియో కిరాయికి తీసుకోవడం ఎలా?

"అక్కా, సోమవారం నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు రమ్మన్నారు. మూడు నెలల ప్రాజెక్టు. మంచం, ఏసీ, వైఫై అన్నీ ఉన్న చిన్న స్టూడియో ఏదైనా చూసిపెడతావా?" విశాఖ నుంచో, విజయవాడ నుంచో, కరీంనగర్ నుంచో నెలకు ఒకటి రెండు ఫోన్లు ఇలా వస్తూనే ఉంటాయి. నేను మాదాపూర్‌లో ఒక ఆఫీసు అడ్మిన్‌లో పనిచేస్తాను. బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఉండే చోటు చూసిపెట్టడం నా పనుల్లో ఒకటి. అందరికీ ఫోన్లో అదే పాఠం చెప్పి చెప్పి గొంతు పోతోంది, అందుకని రాసిపెడుతున్నాను.

ఖాళీ ఇల్లు తీసుకోవడం వేరు, సామాన్లున్న స్టూడియో (పడక, వంట అన్నీ ఒకే గదిలో ఉండే చిన్న ఫ్లాట్) తీసుకోవడం వేరు. ఇక్కడ గదితో పాటు పరుపు, ఫ్రిజ్, గీజర్, రిమోట్లు, కరెంటు మీటరు అన్నీ మీ చేతికొస్తాయి. పోయేటప్పుడు అన్నిటికీ లెక్క చెప్పాలి. నేను చూసిన గొడవల్లో ముప్పావు వంతు ఖాళీ చేసే రోజున మొదలైనవే. వాటికి మందు మాత్రం దిగే రోజునే వేయాలి. కింద రాసిందంతా ఆ లెక్కలోనే చదవండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- ఆఫర్ లెటర్ లేదా కంపెనీ ఇచ్చిన డిప్యుటేషన్ లెటర్
- పాన్ కాపీ, మాస్క్డ్ ఆధార్ (మొదటి ఎనిమిది అంకెలు కనిపించనిది, ఆధార్ వెబ్‌సైట్ నుంచే దించుకోవచ్చు)
- రెండు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు
- మొదటి నెల కిరాయి, అడ్వాన్స్, పైఖర్చులకు ఇంకో అర నెల కిరాయి
- టార్చ్ బాగా పనిచేసే ఫోన్, దాని చార్జర్ (ప్లగ్గులు చూడటానికి)
- ఒక తెల్ల గుడ్డ. ఎందుకో తర్వాత చెబుతాను.

1. ఎన్ని నెలలు? డబ్బు ఎవరిది?

ఈ రెండూ తేలకుండా వెతకడం మొదలుపెట్టకండి.

నెల లోపే అయితే సర్వీస్ అపార్ట్‌మెంట్ మేలు. రోజు లెక్కన కాస్త ఎక్కువే పడుతుంది. కానీ దుప్పట్లు వాళ్లే మారుస్తారు, బిల్లు ఇస్తారు, పెద్ద అడ్వాన్స్ ఉండదు. రెండు నుంచి ఐదు నెలలకు రెండు దారులున్నాయి: ఫ్లాట్లు లీజుకు తీసుకుని సామాన్లు వేసి మళ్లీ కిరాయికిచ్చే సంస్థలు, లేదంటే కో-లివింగ్ (హాస్టల్ లాగా ఒకే సంస్థ నడిపే వసతి) వాళ్ల సింగిల్ స్టూడియోలు. ఆరు నెలలు దాటితే నేరుగా ఓనర్ దగ్గరే తీసుకోండి, నెలకు బాగా మిగులుతుంది.

కంపెనీ డబ్బులిస్తుంటే హెచ్‌ఆర్‌ని మూడు ప్రశ్నలు మెయిల్‌లో అడగండి. బిల్లు ఎవరి పేరు మీద ఉండాలి? జీఎస్టీ బిల్లే కావాలా, ఓనర్ రశీదు సరిపోతుందా? అడ్వాన్స్ ఎవరు కడతారు? మా దగ్గరే ఒకబ్బాయి ఇవేమీ అడగకుండా ఓనర్ దగ్గర చక్కటి గది తీసుకున్నాడు. తీరా క్లెయిమ్ పెడితే జీఎస్టీ బిల్లు లేదని రెండు నెలల కిరాయి ఆపేశారు. గది తప్పు కాదు, ఓనర్ తప్పూ కాదు.

కంపెనీయే తన పేరు మీద లీజుకు తీసుకుని మీకిస్తే, అది మీ జీతంలో పెర్క్ (జీతంతో పాటు కంపెనీ ఇచ్చే సౌకర్యం) కింద పన్ను లెక్కలోకి వస్తుంది. ఆ గదికి మీరు హెచ్‌ఆర్‌ఏ (ఇంటి కిరాయి భత్యం) మినహాయింపు అడగలేరు. మీరే కిరాయి కడుతూ పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ చూపించాలనుకుంటే, ఏడాదికి కిరాయి లక్ష దాటినప్పుడు ఓనర్ పాన్ కావాలి. పాన్ ఇస్తారో లేదో ముందే అడగండి. చేరాక అడిగితే చాలామంది ఫోన్ ఎత్తరు.

సర్వీస్ అపార్ట్‌మెంట్, కో-లివింగ్ బిల్లుల మీద జీఎస్టీ పడుతుంది. చెప్పిన రేటులో అది కలిసి ఉందా, పైన వేస్తారా అడగండి. ఒక వెసులుబాటు ఉంది: మనిషికి నెలకు 20,000 మించకుండా, వరసగా కనీసం 90 రోజులు ఉండేట్టయితే 2024 జులై నుంచి ఆ వసతికి జీఎస్టీ లేదు. రేటు ఆ అంకె దగ్గర్లో ఉండి, మీ పని మూడు నెలలదైతే 90 రోజులకే మాట్లాడుకోండి.

2. ఏరియా కాదు, గేటు చూసుకోండి

"గచ్చిబౌలి" అంటే ఎక్కడైనా కావచ్చు. మీ ఆఫీసు ఏ గేటు ముందు క్యాబ్ ఆగుతుందో అక్కడ నుంచి లెక్కేయండి. ప్రకటనల్లో రాసే "ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు 10 నిమిషాలు" అనేది తెల్లవారుజామున 5 గంటల మాట. వాన పడ్డ సాయంత్రం బయోడైవర్సిటీ జంక్షన్ దాటడానికే అరగంట పోతుంది.

మెట్రో నీలం లైను రాయదుర్గంతో ఆగిపోతుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు, నానక్‌రామ్‌గూడకు అక్కడి నుంచి బస్సో ఆటోనో పట్టాలి. కాబట్టి మీ ఆఫీసు హైటెక్ సిటీ, రాయదుర్గం మెట్రోకు నడిచేంత దూరంలో ఉంటే, అక్కడి రేట్లు చూసి బెంబేలు పడకుండా బేగంపేట, అమీర్‌పేట వైపు కూడా వెతకండి. రైలు ఎక్కితే ట్రాఫిక్ గొడవ లేదు. ఆఫీసు నానక్‌రామ్‌గూడలో ఉంటే మాత్రం ఆ పక్కనే, గౌలిదొడ్డి, ఖాజాగూడ, మణికొండల్లో చూసుకోండి. మెట్రో మీద ఆశ పెట్టుకుని అమీర్‌పేటలో దిగితే రోజుకు రెండు సార్లు బండి మారాలి.

ఇంకో సంగతి. గచ్చిబౌలి, కొండాపూర్ లోపలి కాలనీల్లో అరవై, డెబ్భై గజాల స్థలాల్లో ఐదారు అంతస్తులు లేపి గదులుగా కోసిన బిల్డింగులు చాలా ఉన్నాయి. లోపల గది మెరిసిపోతూ ఉంటుంది. 2024 నవంబరులో సిద్దిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో పునాది తవ్వుతుంటే అలాంటి బిల్డింగే ఒకటి పక్కకు ఒరిగిపోయింది, తర్వాత దాన్ని కూల్చేశారు. గది చూడకముందే బిల్డింగు బయట నిలబడి చుట్టూ చూడండి. పక్కన గొయ్యి తవ్వుతున్నారా? మెట్లు మనిషి పట్టనంత ఇరుగ్గా ఉన్నాయా? లిఫ్టు ఆగితే దిగే దారిలో సైకిళ్లు, సిలిండర్లు అడ్డం ఉన్నాయా? అలాంటి చోటైతే గది అడగకుండానే వెనక్కి రండి.

3. వెళ్లేముందు ఈ మెసేజ్ పంపండి

ఫోన్లో అడిగితే అన్నిటికీ "ఉంది సార్, ఉంది మేడమ్" అంటారు. రాతలో అడగండి. కింది మెసేజ్‌ని ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు:

"నమస్తే అండీ. ఒక్కరికి, ఫలానా తేదీ నుంచి మూడు నెలలకు స్టూడియో కావాలి. కిరాయి, మెయింటెనెన్స్, వైఫై, క్లీనింగ్ విడివిడిగా ఎంతో చెప్పండి. కరెంటు ఎవరి మీటరు, యూనిట్ ఎంత? జనరేటర్ యూనిట్ ఎంత? అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసేటప్పుడు అందులో ఏమేం కోస్తారు? లాక్-ఇన్ (ఖాళీ చేయడానికి వీల్లేని కాలం) ఎన్ని నెలలు, నోటీస్ ఎన్ని రోజులు? నీళ్లు మంజీరానా (జలమండలి కుళాయి నీళ్లు), బోరా, ట్యాంకరా? ఈరోజు తీసిన గది వీడియో ఒకటి పంపగలరా?"

జవాబు వచ్చాక కాగితం మీద కూడండి. నేను చేయించే లెక్క ఇలా ఉంటుంది. కిరాయి 26,000 అన్నారనుకోండి. మెయింటెనెన్స్ 2,500. కరెంటు 180 యూనిట్లు, యూనిట్ 11 చొప్పున 1,980. వైఫై 600. క్లీనింగ్ 800. మొత్తం 31,880. బ్రోకర్‌కు అర నెల కిరాయి 13,000 ఇస్తే, మూడు నెలలకు పంచితే నెలకు 4,333. అంటే 26 వేల గది 36,213 దగ్గర తేలింది. పక్క వీధిలో "అన్నీ కలిపి 33,000" అన్నవాడు ఖరీదైనవాడిలా కనిపించాడు కదా, ఇప్పుడు చూడండి.

కరెంటు రేటు దగ్గర కాస్త గట్టిగా మాట్లాడొచ్చు. గృహ కనెక్షన్‌లో అన్నిటికన్నా పై శ్లాబులో కూడా యూనిట్ చార్జీ 10 రూపాయలే. సబ్‌మీటరు (గదికి ఓనర్ సొంతంగా పెట్టిన మీటరు) పెట్టి 14, 15 అడుగుతుంటే అది కరెంటు మీద చేసే వ్యాపారం. బిల్డింగుకు కమర్షియల్ కనెక్షన్ ఉంటే రేటు ఎక్కువే ఉంటుంది, అప్పుడు బిల్లు చూపించమనండి.

వీడియో పంపడానికి నసిగేవాళ్ల దగ్గరికి వెళ్లనే వెళ్లకండి. ప్రకటనలో ఫొటోలు గది కొత్తగా ఉన్నప్పటివి. పరుపు మీద ఆ తర్వాత ఎంతమంది పడుకున్నారో వాటిలో కనపడదు.

4. గది రెండుసార్లు చూడండి

ఒకసారి పగలు, ఒకసారి రాత్రి 8 దాటాక. పగలు వెలుతురు, చెమ్మ తెలుస్తాయి. రాత్రి శబ్దం, వైఫై, పార్కింగ్, వీధి తెలుస్తాయి. ఊరి నుంచి వస్తూ రెండుసార్లు కుదరదంటే రాత్రి పూటే వెళ్లండి, పగటి వీడియో అడిగి తెప్పించుకోండి.

కిటికీ తెరిచి చూడండి. చాలా స్టూడియోల్లో కిటికీ డక్ట్‌లోకి (పైపులు పోయే ఇరుకు సందులోకి) తెరుచుకుంటుంది. కర్టెన్ వేసి ఉంటే అనుమానించాల్సిందే. కోకాపేట, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు అయితే ఎదురుగా ఖాళీ రాతి గుట్ట ఉందేమో చూడండి. "వ్యూ బాగుంది" అని మురిసిపోతే ఆర్నెల్లలో అక్కడ బండలు పేల్చడం మొదలవుతుంది.

ఇప్పుడు పరుపు. అందరూ చేత్తో నొక్కి చూసి ఊరుకుంటారు. మీరు దుప్పటి తీసేయండి, మొహమాటం వద్దు. తల వైపు మూలను పైకెత్తి, పరుపు అంచున కుట్టు వెంట టార్చ్ వేయండి. మిరియం పొడి చల్లినట్టు సన్నటి నల్ల చుక్కలు వరసగా కనిపిస్తే అవి నల్లుల రెట్ట. తెల్ల గుడ్డ తెచ్చుకోమన్నది ఇందుకే: గుడ్డ కాస్త తడిపి ఆ చుక్కల మీద రుద్దండి. దుమ్మయితే బూడిద రంగులో వస్తుంది. నల్లులదైతే ఎర్రటి గోధుమ రంగు మరక పడుతుంది. తర్వాత మంచం చెక్కల అతుకులు, తల వైపు బోర్డు వెనక, సోఫా కుర్చీ మడతలు. నెలకో మనిషి మారే గదుల్లో ఇది ఉన్నదే. "పెస్ట్ కంట్రోల్ చేయిస్తాం" అంటే సరే అని వచ్చేయకండి. ఒక్కసారి మందు కొడితే పోయే జాతి కాదు. గుడ్లు మిగులుతాయి, రెండు వారాల్లో మళ్లీ చేయించాలి. వేరే గది చూసుకోవడమే సుఖం.

మిగతావి వరసగా:

- ఏసీ పది నిమిషాలు నడపండి. చల్లగా వస్తే సరిపోదు, నీళ్లు లోపలికి కారుతున్నాయా చూడండి.
- గీజర్ వేసి, బకెట్ నిండేసరికి ఎన్ని నిమిషాలైందో చూడండి. కుళాయి మూతి చుట్టూ తెల్లగా సున్నంలా పట్టి ఉంటే బోరు నీళ్లు. తాగడానికి క్యాన్ ఖర్చు కలుపుకోండి.
- ఫ్లష్ నొక్కండి. నీళ్లు నిండేవరకు ఆగండి.
- అల్మారా తలుపు తీసి వాసన చూడండి. చెమ్మ వాసనను రూమ్ స్ప్రే దాచలేదు.
- ప్రతి ప్లగ్గులో చార్జర్ పెట్టి చూడండి.
- తలుపు వేసి లోపల నుంచి ఫోన్ చేయండి. సిగ్నల్ లేని స్టూడియోలు మాదాపూర్ నడిబొడ్డునే ఉన్నాయి.
- వైఫై వేగం ఫోన్లో కొలవండి. రూటర్ గదిలో ఉందా, కారిడార్‌లో అందరికీ ఒకటేనా? ఇంటి నుంచి పనిచేసే రోజులుంటే ఇదే మొదటి ప్రశ్న.

ఓనర్ పక్కన లేనప్పుడు వాచ్‌మన్‌తో రెండు మాటలు మాట్లాడండి. "ఎండాకాలం నీళ్లెట్ల అన్నా?" అని అడిగితే చాలు. ట్యాంకర్లు ఎన్నొస్తాయో, ఏ ఫ్లోర్‌కు ప్రెషర్ రాదో, ముందున్నతను ఎందుకు ఖాళీ చేశాడో అన్నీ అతనే చెబుతాడు.

5. ఇచ్చేవాడికి ఇచ్చే హక్కుందా?

నేరుగా ఓనర్ అయితే తాజా కరెంటు బిల్లు గానీ, ఆస్తి పన్ను రశీదు గానీ అడగండి. అందులోని పేరు, ఓనర్ గుర్తింపు కార్డులోని పేరు, డబ్బు వేయమన్న బ్యాంకు ఖాతా పేరు మూడూ కలవాలి. కొడుకు అమెరికాలో ఉండి తండ్రి చూసుకుంటుంటే అది ఇక్కడ మామూలే, కానీ అప్పుడు కొడుకు ఇచ్చిన ఆథరైజేషన్ కాపీ చూడండి. ఓనర్ ఎన్నారై అయితే కిరాయిలో పన్ను కోసే బాధ్యత కట్టేవాళ్ల మీద పడుతుంది, రేటూ వేరు. మీ సీఏనో, కంపెనీ ఫైనాన్స్ వాళ్లనో అడిగాకే సంతకం. మన దేశంలోనే ఉండే ఓనరైతే, నెల కిరాయి 50 వేలు దాటినప్పుడు మాత్రమే మీరు టీడీఎస్ (కిరాయిలో ముందే కోసి కట్టే పన్ను) కోయాలి. అది 2 శాతం.

ఫ్లాట్ లీజుకు తీసుకుని మీకిచ్చే సంస్థ అయితే అసలు ఓనర్‌తో వాళ్లకున్న అగ్రిమెంట్‌లో రెండు చోట్లు చూపించమనండి: మళ్లీ కిరాయికి ఇవ్వొచ్చన్న వాక్యం, లీజు ముగిసే తేదీ. డబ్బు అంకెలు కొట్టేసి చూపించినా చాలు. ఓనర్‌కు వాళ్లు కిరాయి ఎగ్గొడితే ఒక పొద్దున ఓనర్ వచ్చి మీ తలుపే కొడతాడు.

గేటెడ్ కమ్యూనిటీలో అయితే అసోసియేషన్ ఆఫీసులో కూడా అడగండి. కొన్ని చోట్ల బ్యాచిలర్లకు వద్దంటారు, కొన్ని చోట్ల తక్కువ నెలల కిరాయిలే వద్దంటారు. ఓనర్ ఒప్పుకున్నా గేటు దగ్గర సెక్యూరిటీ సామాను దింపనివ్వడు.

ఒక మోసం గురించి చెప్పి తీరాలి. మంచి గది, రేటు సగం, "నేను ఆర్మీలో ఉన్నాను, పోస్టింగ్ దూరం, గది చూడాలంటే గేట్ పాస్‌కు కొంత కట్టండి, తిరిగి వేస్తాను" అంటాడు. గుర్తింపు కార్డు ఫొటో కూడా పంపుతాడు. తర్వాత డబ్బు వెనక్కి వేస్తానని క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటాడు. డబ్బు తీసుకోవడానికి స్కానూ అక్కర్లేదు, పిన్నూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ డబ్బు పోతోందనే అర్థం. పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

6. అగ్రిమెంట్: ఏ వాక్యాల దగ్గర ఆగాలి

 రిజిస్ట్రేషన్ బాధ తప్పుతుందన్న లెక్కతో ఊరంతా 11 నెలల కాగితం నడుస్తుంది. మూడు నెలలకు వెళ్తున్నా కాగితం మాత్రం ఉండాల్సిందే. "వాట్సాప్‌లో ఉంది కదండీ" అంటే వద్దు. సంస్థలు ఎక్కువగా లీవ్ అండ్ లైసెన్స్ అనే పేరుతో రాస్తాయి. అది గదిలో ఉండనివ్వడానికిచ్చే అనుమతి లాంటిది, కిరాయిదారుకుండే పట్టు అందులో ఉండదు. అలాంటి కాగితంలో ఎన్ని రోజుల ముందు ఖాళీ చేయమనొచ్చో తప్పక చూడండి.

నేను వేలు పెట్టి చదివించే చోట్లు ఇవి:

- *లాక్-ఇన్.* మీ ప్రాజెక్టు మూడు నెలలది, లాక్-ఇన్ ఆరు నెలలు. ఇలా సంతకం చేసినవాళ్లను నలుగురిని చూశాను. ప్రాజెక్టు ముందే ఆగిపోతే కంపెనీ లెటర్ చూపించి నెల నోటీసుతో వెళ్లొచ్చని ఒక వాక్యం రాయించండి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.
- *పెయింటింగ్ చార్జీ.* పదకొండు నెలలున్నవాడికీ మూడు నెలలున్నవాడికీ ఒక నెల కిరాయి కోస్తామంటే కుదరదు. తక్కువ నెలలకు పెయింటింగ్ తీసేయించండి, క్లీనింగ్‌కు మాత్రం ఒక అంకె రాయించండి.
- *అరుగుదల.* "ఏ నష్టమైనా కిరాయిదారుదే" అన్న వాక్యం పక్కన "వాడకంలో సహజంగా వచ్చే అరుగుదల తప్ప" అని చేర్చండి. అంతే, ఐదు మాటలు. అడ్వాన్స్ కాపాడేది ఇవే.
- *రిపేర్లు.* గీజర్ కాయిల్ పోతే ఎవరిది? ఈ బోరు నీళ్లకు అది పోవడం ఖాయం. ఎన్ని గంటల్లో బాగుచేయిస్తారో రాయించండి.
- *అడ్వాన్స్ వాపసు.* "ఖాళీ చేశాక ఇస్తాం" కాదు, ఎన్ని రోజుల్లోనో ఉండాలి. ఏడు రోజులు న్యాయం.
- *గదిలోకి రావడం.* మీరు లేనప్పుడు వాళ్ల తాళంతో తెరవకూడదని, క్లీనింగ్‌కైనా ముందు చెప్పి రావాలని రాయించండి.

విదేశీ పాస్‌పోర్ట్ మీద వచ్చేవాళ్లయితే, ఇచ్చేవాళ్లు 24 గంటల్లో వాళ్ల వివరాల ఫారం (ఇదివరకు ఫారం-సి అనేవారు) ఆన్‌లైన్‌లో పెట్టాలి. అది చేయడం తెలియదన్నవాళ్ల దగ్గర తీసుకోకండి.

7. డబ్బు ఎలా ఇవ్వాలి

గది చూడకుండా టోకెన్ వద్దు. చూశాక వేస్తే చిన్న మొత్తం వేసి, "ఫలానా గదికి టోకెన్, అగ్రిమెంట్ కుదరకపోతే వాపసు" అని మెసేజ్ పెట్టి వాళ్ల చేత "ఓకే" అనిపించుకోండి. అడ్వాన్స్ బ్యాంకు నుంచే, అగ్రిమెంట్‌లో పేరున్న ఖాతాకే. నగదు ఇస్తే వెయ్యి తగ్గిస్తామంటే ఆ వెయ్యి మీకొద్దు. బ్రోకర్‌కు తాళం చేతికొచ్చాకే ఇవ్వండి.

8. దిగే రోజు: సూట్‌కేస్ తెరవకముందు

నా మొదటి స్టూడియో కొండాపూర్‌లో. సాయంత్రం దిగి, సామాను సర్దుకుని, బిర్యానీ తెప్పించుకుని తిని పడుకున్నాను. నెల తర్వాత 412 యూనిట్ల బిల్లు పెట్టారు. పగలంతా ఆఫీసులో ఉండే మనిషిని, అన్ని యూనిట్లు ఎలా కాల్చానో నాకే తెలియదు. ముందున్నవాళ్ల వాడకం కూడా నా నెత్తిన పడిందని అనుమానం. నిరూపించడానికి నా దగ్గర ఏముంది? ఏమీ లేదు. నోరు మూసుకుని కట్టాను.

అప్పట్నుంచి ఎవరిని దింపినా ముందు సెల్లార్‌లోకే. వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని మీ గది నంబర్ రాసున్న మీటరు దగ్గరికి వెళ్లండి. నంబర్ నిజంగా మీదేనా అని తేల్చుకోవడానికి ఒక మనిషిని పైన ఉంచి మెయిన్ స్విచ్ తీయించండి, మీటరు లైటు ఆరాలి లేదా చక్రం ఆగాలి. దుమ్ము తుడిచి, అంకెలు, మీటరు సీరియల్ నంబర్ రెండూ పడేలా ఫొటో తీయండి. పాత చక్రం మీటర్లలో చివరి ఎర్ర గడిలో అంకె యూనిట్ కాదు, యూనిట్‌లో పదో వంతు. దాన్నీ కలిపి చదివితే 431 యూనిట్లు కాస్తా 4,312 అయిపోతాయి. ఇలా చదివి బిల్లు వేసిన మేనేజర్‌ను నేను స్వయంగా చూశాను. ఫొటో అక్కడే నిలబడి ఓనర్‌కు వాట్సాప్ చేయండి.

తర్వాత గది వీడియో. ఆపకుండా ఒకే వీడియో, తలుపు దగ్గర మొదలుపెట్టి గోడ వెంట కుడివైపు తిరుగుతూ రండి. నోటితో చెబుతూ తీయండి: "ఫ్రిజ్ తలుపు మీద గీత ఉంది, పరుపు ఎడమవైపు మరక ఉంది, టేబుల్ కాలు ఊగుతోంది." పరుపును తిరగేసి కింది వైపు కూడా తీయండి. సింక్ కింద, బాత్‌రూమ్ తలుపు అడుగు, ఏసీ రిమోట్ వెనక మూత ఉందా లేదా. అయిదు నిమిషాల పని.

సామాన్ల జాబితా వాళ్లిచ్చిన దాని మీద గుడ్డిగా సంతకం పెట్టకండి. "ప్లేట్లు 4" అని ఉంటే లెక్కపెట్టండి. మూడే ఉంటే మూడని దిద్ది, ఇద్దరూ పక్కన సంతకం చేయండి. జాబితాలో "మంచిగా ఉన్నాయి" అని ఒకే మాట రాసి ఉంటే కొట్టేయించి, లోపాలు రాయించండి. వీడియో, ఫొటోలు అదే రోజు మీ మెయిల్‌కు, వాళ్ల మెయిల్‌కు పంపండి. ఫోన్‌లోనే ఉంచుకుంటే, ఫోన్ పోయిన రోజు సాక్ష్యమూ పోతుంది.

తాళాలు ఎన్ని ఇచ్చారో, ఇంకా ఎవరి దగ్గర ఉన్నాయో అడగండి. డిజిటల్ లాక్ అయితే పాత కోడ్ తీసేసి కొత్తది మీ ముందే పెట్టించండి. గదిలో గొళ్లెం లోపల నుంచి పడుతుందో లేదో ఆ రాత్రే చూసుకోండి.

9. మొదటి నెల: సరిగ్గా కుదిరిందా లేదా?

మొదటి వారంలో బయటపడిన ప్రతి లోపాన్నీ రాతలో పెట్టండి. ఫోన్లో చెప్పింది చెప్పినట్టు కాదు. రెండో వారంలో ఒంటి మీద వరసగా దద్దుర్లు లేస్తే దోమలనుకుని ఊరుకోకండి, మళ్లీ టార్చ్ తీయండి.

మీటరు రీడింగ్ ఒక ఆదివారం, తర్వాతి ఆదివారం రాసుకోండి. ఒక టన్ను ఏసీ రాత్రంతా నడిస్తే రోజుకు ఐదారు యూనిట్లు మామూలే. ఏసీ వేయకుండానే రోజుకు నాలుగైదు కాలుతుంటే కారిడార్ లైట్లో, పక్క గది గీజరో మీ మీటరు మీద ఉన్నట్టు. గదిలో మెయిన్ తీసేసి కిందకు వెళ్లి చూడండి, అప్పటికీ తిరుగుతుంటే సమాధానం దొరికినట్టే.

నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి ఆ గదికి పోయిన ప్రతి రూపాయీ కూడండి. మూడో మెట్టులో వేసిన లెక్కతో పోల్చండి. వెయ్యి అటూ ఇటూ అయితే పరవాలేదు. మూడు వేలు దాటిందంటే ఎక్కడో ఒక చార్జీ మీరు అడగలేదు. రెండో నెలకు ముందే మాట్లాడాలి, మూడో నెలలో అడిగితే "ఇన్నాళ్లూ కట్టారు కదా" అంటారు.

10. ఖాళీ చేయడం

నోటీసు మెయిల్‌లో ఇవ్వండి, తేదీ రాయండి. "అన్నా, వచ్చే నెల వెళ్లిపోతున్నా" అని మెట్ల మీద చెప్పిన నోటీసును ఎవరూ గుర్తుపెట్టుకోరు. చివరి నెల కిరాయిని అడ్వాన్స్‌లో కోసుకోమనాలనుకుంటే అదీ రాతలోనే అడగండి. ఒప్పుకునేవాళ్లు ఉన్నారు, మీ డబ్బుకు అదే అన్నిటికన్నా భద్రం.

వారం ముందు ఓనర్‌నో, మేనేజర్‌నో పిలిచి గది చూపించండి. చివరి రోజు ఇరవై నిమిషాల్లో చూపిస్తే మీరు రైలు హడావుడిలో ఉంటారు, వాళ్లు చెప్పిన అంకెకల్లా తల ఊపుతారు. ముందే చూపిస్తే ఊడిన హ్యాండిల్‌ను కూకట్‌పల్లిలోనో, కొండాపూర్‌లోనో హార్డ్‌వేర్ షాపులో 80 రూపాయలకు తెచ్చి మీరే బిగించుకోవచ్చు. వాళ్ల లెక్కలో అది 600.

పరుపు మీద మరకకు కొత్త పరుపు ధర కోస్తామంటే దిగిన రోజు వీడియో చూపించండి. ఆ మరక మీదే అయితే శుభ్రం చేయించే ఖర్చు ఇవ్వండి, పరుపు ధర కాదు. కోత ఏదైనా బిల్లు చూపించమనండి.

చివరి రోజు అదే వరసలో మళ్లీ వీడియో, మళ్లీ మీటరు ఫొటో. తాళాలు ఇచ్చినట్టు, ఎన్ని ఇచ్చారో రాయించుకుని సంతకం తీసుకోండి. గేటెడ్ కమ్యూనిటీ అయితే సామాను బయటకు తీయడానికి ఓనర్ అనుమతి గేటు యాప్‌లో ముందు రోజే పెట్టించండి. లేదంటే క్యాబ్ మీటరు తిరుగుతూ ఉంటుంది, సెక్యూరిటీ ఓనర్‌కు ఫోన్ చేస్తూ ఉంటాడు, ఓనర్ ఎక్కడో మీటింగ్‌లో ఉంటాడు.

వెళ్తూ వెళ్తూ వాచ్‌మన్ చేతిలో ఓ రెండొందలు పెట్టి మీ నంబర్ ఇవ్వండి. మీ కొరియర్లు ఇంకో నెల దాకా అక్కడికే వస్తాయి.